తాగి ఉన్నప్పుడు రక్తం బాగా పోతే కోలుకోవడం కష్టమా?

మత్తులో నొప్పి తెలియదు కాబట్టి తాగినవాళ్లు గాయాన్ని బాగా తట్టుకుంటారని మీ బావగారు అన్న మాట నిజమేనా అని అడిగారు. కాదండీ. ఎమర్జెన్సీ వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. నొప్పి తెలియకపోవడమే అక్కడ మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది.

రక్తం పోతుంటే శరీరం రక్తనాళాలను బిగిస్తుంది, గుండె వేగం పెంచుతుంది, మూత్రం తగ్గించి నీటిని దాచుకుంటుంది. మద్యం దీనికి అడ్డుపడుతుంది. నాళాలు సరిగ్గా బిగుసుకోవు, మూత్రం ఎక్కువవుతుంది. అందుకే తాగని మనిషి తట్టుకోగలిగినంత రక్తం పోయినా, తాగినవాళ్లకి బీపీ పడిపోవచ్చు. పైగా ఒళ్లు వెచ్చగా అనిపిస్తూనే లోపలి వేడి బయటికి పోతుంది. ఒళ్లు చల్లబడేకొద్దీ రక్తం సరిగ్గా గడ్డకట్టదు.

తొడకి గాజు దిగిన ఒకతన్ని తీసుకొచ్చి, "మందెక్కువైంది సిస్టర్, పడుకుంటే దిగిపోతుంది" అన్నారు వెంట వచ్చినవాళ్లు. అతను చిరాకు పడుతున్నాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, నీళ్లు కావాలంటున్నాడు. చూసేవాళ్లకి అదంతా మత్తే. కానీ చేతులు చల్లగా, చెమటతో జిగటగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో తిరిగి రావాల్సిన ఎరుపు ఎంతకీ రాలేదు. అది షాక్, అంటే ఒంట్లో అవయవాలకి చాలినంత రక్తం అందని ప్రమాద స్థితి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరున్నర దాటి పోతే మనిషి అచ్చం అలాగే తికమకపడతాడు. మత్తు వల్లా, రక్తం పోవడం వల్లా అన్నది మాటతీరు చూసి తేల్చలేం. కాబట్టి రక్తం పోతున్న మనిషి తిక్కగా ప్రవర్తిస్తే ముందు రక్తాన్నే అనుమానించండి.

ఆపరేషన్ చేసి, రక్తం ఎక్కించాక నిలబడ్డాడు. రెండో రోజు మళ్లీ టెన్షన్. చేతులు వణుకు, గుండె దడ, ఎవరో పిలుస్తున్నారని లేవబోవడం. లోపల మళ్లీ రక్తం కారుతోందా, ఇన్ఫెక్షనా అని డాక్టర్లు పరీక్షలు చేయిస్తుంటే, "ఎప్పుడో ఒకసారి" అని మొదట చెప్పిన భార్య అప్పుడు చెప్పింది, రోజూ తాగుతాడని. రోజూ తాగేవాళ్లకి ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవచ్చు, 2, 3 రోజులకి ప్రాణం మీదికి రావచ్చు. ముందే తెలిస్తే దానికి మందులు ఉన్నాయి. దయచేసి పరువు కోసం దాచకండి. ఎంత తాగారు, ఎప్పుడు తాగారు, రోజూ అలవాటా, మూడూ చెప్పండి. మత్తుమందు ఇచ్చే డాక్టరుకి కూడా అది కావాలి.

ఇంటికి వెళ్లాక కూడా తాగుతూ ఉంటే కొత్త ఎర్ర కణాలు తయారవడం ఆలస్యమవుతుంది. మామూలుగానే దానికి వారాలు పడుతుంది. బాగా తాగేవాళ్లలో ఫోలిక్ యాసిడ్ తరచూ తక్కువగా ఉంటుంది, ఎముక మజ్జ కూడా మందగిస్తుంది. అలాగని రోజూ తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టరు చూస్తుండగానే మానాలి.

అంబులెన్సు వచ్చేలోపు శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి ఉంచండి, మాటిమాటికీ తీసి చూడకండి. దుప్పటి కప్పండి. కాఫీ, మజ్జిగ పట్టిస్తే మత్తు దిగదు. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకని నోటికి ఏమీ ఇవ్వకండి.