పాత ఇంజిన్ బ్లాకు కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎక్కువ శక్తినిచ్చే ఇంజిన్ కట్టాలన్న నీ పట్టుదల నాకు సంతోషం కలిగించింది. అయితే బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజిన్ ప్రధాన పోత భాగం, ఇంకా దొరకకముందే పిస్టన్లు కొనబోతున్నావని నీ ఉత్తరంలో చదివి కలవరపడ్డాను. బోరు, అంటే సిలిండర్‌ను లోపల కోసి వెడల్పు చేయడం, ఎంత చేయవలసి వస్తుందో తేలిన తరువాతే పిస్టన్ల సైజు నిర్ణయమవుతుంది కనుక, ఆ కొనుగోలు ఆపు.

మూసి ఉన్న ఇంజిన్‌ను విప్పి చూడకుండా కొనవద్దు. సిలిండర్లను పైన మూసే హెడ్ తీయించి, పిస్టన్ తల మీద 0.50 లేదా 1.00 వంటి అంకె ఉందేమో చూడు. ఉంటే ఆ బ్లాకును ఇదివరకే అన్ని మిల్లీమీటర్ల మేర బోరు చేశారన్నమాట. నిజానికి నీవు కొనేది సిలిండర్ గోడల్లో మిగిలి ఉన్న లోహాన్నే. గోడ పలచబడితే, పెరిగిన పీడనానికి అది వంగుతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పట్టు తప్పుతాయి, ఆయిల్ కాలడం మొదలవుతుంది. పోతపోసేటప్పుడు లోపలి అచ్చు కొద్దిగా జరిగినా గోడ ఒకవైపు దళసరిగా, మరొకవైపు పలచగా వస్తుంది కాబట్టి, ఒకే పోత నంబరున్న రెండు బ్లాకులు కూడా ఒకేలా ఉండవు. అందుచేత అల్ట్రాసోనిక్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌కూ నాలుగు వైపులా, పైన, మధ్యన, కింద మందం కొలిపించు. మంట తోపుకు పిస్టన్ ఒరిగే వైపున గోడ దళసరిగా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం.

వయసులో ఉన్నప్పుడు నేను కొత్త రంగు చూసి మోసపోయి, కొలవకుండానే ఒక బ్లాకును 1 మిల్లీమీటరు బోరు చేయించాను. కొద్ది రోజులకే గోడ చిట్లి నీళ్లు ఆయిల్‌లో కలిశాయి; క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు), దాన్ని మోసే బేరింగులు కూడా దానితోపాటే పోయాయి. ఆ నష్టం నీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పగుళ్ల విషయానికొస్తే, ఇనుప బ్లాకుకు అయస్కాంత పొడి పరీక్ష పనికొస్తుంది. అల్యూమినియానికి అది పనిచేయదు, రంగుద్రావణంతో చూడాలి. రెండింటికీ నీటిదారుల్లో ప్రెషర్ టెస్టు తప్పనిసరి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక, చలి ప్రాంతంలో ఉత్త నీళ్లతో నిలిపిన బండి బ్లాకులో పగులు బయటివైపు బ్లాకు పొడవునా సాగి ఉండవచ్చు. హెడ్ బోల్టుల రంధ్రాల చుట్టూ కూడా వెతుకు.

క్రాంకును బ్లాకుకు బిగించి పట్టే మెయిన్ బేరింగ్ క్యాపులు ఆ బ్లాకువే అయి ఉండాలి, ఎందుకంటే వాటిని బ్లాకుతో కలిపే బోరు చేస్తారు. బేరింగ్ కూర్చునే చోటు నీలిరంగుకు తిరిగి ఉంటే బేరింగ్ కదలకుండా ఉండవలసిన చోటే తిరిగిపోయిందని అర్థం; అలాంటిది వదిలెయ్యి. బయటి తుప్పుకూ, హెడ్ కూర్చునే పై ముఖంలోని స్వల్ప వంపుకూ భయపడకు, రెండూ సరిచేసుకోదగినవే. ఒక సిలిండర్‌కు లైనర్ (లోపల దిగ్గొట్టే కొత్త గోడ గొట్టం) వేసిన బ్లాకు మామూలు బండికి పనికి వస్తుంది గానీ, నీ పనికి నేనైతే తీసుకోను.

పరీక్షలో లోపం తేలితే వెనక్కి తీసుకుంటానని అమ్మేవారి చేత రాయించుకున్నాకే డబ్బు ఇవ్వు. కొలతలు అందగానే సిలిండర్ వారీగా నాకు రాసి పంపు. ఎంత బోరు చేయవచ్చో చూసి చెబుతాను.

నీ పెదనాన్న