మళ్లీ కట్టినదైనా అది పాత ఇల్లే

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో, నోరిస్ అనే చోట ఉన్న రేంజర్ (పార్కు కాపలాదారుల) మ్యూజియాన్ని పడగొట్టి మళ్లీ కట్టారట, అలాంటప్పుడు అందులో చూడటానికి పాతది ఏముంటుందని ఒకరు అడిగారు. నేను రెండుసార్లు చూశాను. తప్పకుండా వెళ్లండి.

1872లో పార్కునైతే ప్రకటించారు గానీ, కాపలాకు తగినంత మంది లేరు. వేటగాళ్లు జంతువులను చంపేవారు. చూడవచ్చినవాళ్లు వేడినీటి బుగ్గల అంచుల్ని పగలగొట్టి ముక్కలు పట్టుకెళ్లేవారు. అందుకే 1886లో సైన్యాన్ని దింపారు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఈ స్టేషన్, నోరిస్‌లో కాపలా ఉండే సైనికులకు వసతిగా వెలసిందే. ఇప్పుడు కనిపించే దుంగల కట్టడం 1908 నాటిది. 1918లో సైన్యం వెళ్లిపోయాక రేంజర్లు వచ్చి అందులోనే ఉన్నారు. 1959 ఆగస్టులో వచ్చిన పెద్ద భూకంపానికి అది బాగా దెబ్బతింది. 

కానీ కూల్చి పారేయలేదు. పనికొచ్చే పాత కలపను వీలైనంత వరకు వాడుకుంటూ, గదుల అమరిక మారకుండా తిరిగి నిలబెట్టారు. దుంగల ఇంటికి అసలు పద్ధతే అది. మంచుకు, చెమ్మకు నేలకు దగ్గరగా ఉన్న దుంగలు ముందు పుచ్చుతాయి. వాటిని తీసి కొత్తవి వేస్తేనే పైవి బతుకుతాయి. బయట మూల దగ్గర నిలబడి చూడండి: దుంగలో గాడి తొలిచి, అడ్డంగా వచ్చే దుంగను అందులో కూర్చోబెట్టారు. మా అమ్మ ఆ గాడిలో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయింది. మా తాతగారి మండువా ఇల్లు కూల్చినప్పుడు టేకు దూలాలు, ద్వారబంధాలు ఒక్కరోజులో అమ్మేశాం. ఒక్క స్తంభం కూడా ఉంచుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే, కొన్ని దుంగలు మార్చారు కాబట్టి అది అసలుది కాదంటే నేను ఒప్పుకోలేను.

మ్యూజియం నోరిస్ క్యాంప్‌గ్రౌండ్ (గుడారాలు వేసుకునే చోటు) మొదట్లోనే, గిబ్బన్ నది పక్కన ఉంటుంది. గంట చాలు. వేసవిలోనే తెరుస్తారు కాబట్టి తేదీలు చూసుకుని వెళ్లండి. లోపల తరచుగా పదవీ విరమణ చేసిన పార్కు ఉద్యోగులే స్వచ్ఛందంగా కూర్చుంటారు. పిల్లల్ని వారి దగ్గరకు తీసుకెళ్లి, చలికాలంలో ఇక్కడ ఎలా ఉండేవారని అడగమనండి.