క్రైస్తవులు మద్యం అమ్మే చోట పనిచేయవచ్చా?

సూటిగా 'వద్దు' అనే ఆజ్ఞ బైబిల్లో లేదు. కానా పెళ్లిలో యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. నెహెమ్యా అయితే రాజుకు ద్రాక్షారసం గిన్నె అందించే కొలువే చేశాడు! ఎఫెసీయులకు 5:18 ఖండించేది మత్తును. అందుకే కాథలిక్కులు, లూథరన్లు మితంగా తాగడాన్ని తప్పుపట్టరు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంఘంలో 'సైనికులు'గా, అంటే పూర్తి సభ్యులుగా, చేరినవారు మాత్రం మద్యం అసలు ముట్టబోమని మాటిస్తారు.

స్వేచ్ఛ ఉన్నా, దానివల్ల సోదరుడు తడబడితే మానుకోమంటాడు పౌలు (రోమా 14:21). ఉద్యోగం విషయంలో నాకు అసలు చిక్కు తాగించడం దగ్గరే కనిపిస్తుంది. పొరుగువాడికి తాగించి మత్తెక్కించేవాడికి శ్రమ అని హబక్కూకు 2:15 హెచ్చరిస్తుంది. భోజనంతో పాటు ఒక గ్లాసు అందించడం వేరు, తూలుతున్నవాడికి ఇంకో పెగ్గు పోయడం వేరు. రెండోది చేయక తప్పదంటే, నేనైతే వేరే పని వెతుక్కుంటాను.