పాఠం అప్పజెబుతున్నారు, చదవడం మాత్రం రావట్లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను రెండో తరగతి టీచర్‌ని. మా క్లాసులో సగం మంది పాఠం మీద వేలు పెట్టి గడగడా చదివేస్తారు, కానీ అదే పాఠంలోంచి ఒక పదం తీసి బోర్డు మీద రాస్తే నోరు మెదపరు. గుణింతాలు రాగం తీసి మరీ చెప్తారు. కొందరైతే పైకి చదవమంటేనే ఏడుపు మొహం పెడతారు. వీళ్ళతో కూర్చుంటే బాగా చదివేవాళ్ళు గోల, సిలబస్ చూస్తే పరిగెడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీరు బోర్డు మీద పదం రాసి చూశారు చూడండి, అదే అసలు పరీక్ష, చాలామంది ఆ పని చెయ్యరు, పిల్లలు చదివేస్తున్నారనే అనుకుంటారు. మీ పిల్లలు చెవితో నేర్చుకున్నదాన్ని తిరిగి చెప్తున్నారు, అక్షరం మీద కన్ను ఇంకా నిలవట్లేదు.

ముందు గుణింతం వరస చెడగొట్టండి. క కా కి కీ అని వరసగా అడిగితే పాటలా వచ్చేస్తుంది, అదే కి, టే, ము, సో అని కలిపేసి అడిగితే ఎవరికి ఏ గుర్తు రాలేదో అక్కడే తెలిసిపోతుంది. ఒక్క గుర్తు తీసుకుని, గుడి అనుకోండి, దాన్ని నాలుగైదు అక్షరాలకి పెట్టించి వెంటనే పదాల్లోకి వెళ్ళిపోండి. పలక అనే పదంలో 'ప'కి గుడి ఇస్తే పిలక అవుతుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆ నవ్వుతోనే గుర్తు బుర్రలో ఉండిపోతుంది. బడి, తడి, మడి అని మొదటి అక్షరం మార్చుకుంటూ పోయినా మంచిదే. మ, య లాంటి పోలికున్న అక్షరాలు ఒకే వారంలో నేర్పొద్దు, ఒకటి బాగా కుదిరాక రెండోది. ఒత్తుల దగ్గర ఇంకా ఓపిక కావాలి, త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు కాబట్టి వాటిని విడిగా, మెల్లగా చెప్పాలి.

భయపడే పిల్లల్ని అందరి ముందు నిలబెట్టి చదివించకండి ప్లీజ్. ముందు మీరు చదవండి, తర్వాత మీతో కలిసి చదవమనండి, ఆ తర్వాత పక్క పిల్లతో జంటగా, ఒంటరిగా చదవడం అన్నిటికన్నా చివర. ఒకే చిన్న పేరాని మూడు నాలుగు సార్లు చదివిస్తే వేగం వస్తుంది, శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ పద్ధతి గురించి రాశాడు. కాకపోతే మీ పిల్లలకి కంఠస్థం చేసే అలవాటుంది కదా, అందుకే నిన్నటి పేరానే మళ్ళీ ఇవ్వకుండా ఏరోజుకారోజు కొత్త పేరా తీసుకోండి, చివర్లో పదాలు అటూ ఇటూ మార్చి అడగండి. తడబడితే వెంటనే అందించెయ్యకుండా కాసేపు ఆగండి, చాలాసార్లు వాళ్ళే సరిచేసుకుంటారు.

బాగా చదివేవాళ్ళకి కథల పుస్తకాలు ఇచ్చేసి, చదివాక క్లాసుకి ఒక ప్రశ్న తయారు చెయ్యమనండి. రోజూ వాళ్ళనే చిన్న టీచర్లని చెయ్యొద్దు, వాళ్ళూ నేర్చుకోవాలి కదా.

ఇంకో మాట. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక లెక్క చెప్పారు, అక్షరాల్ని విప్పి చదవగలగడాన్ని, విన్నది అర్థం చేసుకోగలగడంతో గుణిస్తే చదివి అర్థం చేసుకోవడం వస్తుందని. కూడిక కాదు, గుణకారం, ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. అందుకే అక్షరాలు రానివాళ్ళు కూడా రోజూ ఒక కథ వినాల్సిందే, సిలబస్ ఎంత తొందరపెట్టినా ఆ పది నిమిషాలు వదులుకోకండి. ఎప్పుడో ఒకరోజు ఎవరూ అడక్కుండానే గోడ మీది చార్టు చూసి ఒక పిల్ల కూడబలుక్కుని చదివేస్తుంది, మన ఉద్యోగంలో అంతకన్నా పెద్ద జీతం లేదండీ, నిజంగా చెప్తున్నా.

ప్రశ్న: మా బాబు ఇంట్లో పుస్తకంలో బొమ్మలు చూసి కథ చెప్పేస్తాడు, అక్షరాలు చూడడు. ఆపెయ్యాలా?

జవాబు: వద్దమ్మా. బొమ్మ చూసి కథ అల్లడం వల్ల భాష పెరుగుతుంది. కథ అయ్యాక ఒక్క వాక్యం మాత్రం వేలు పెట్టి ఇద్దరూ కలిసి చదవండి, రోజుకి ఒక్కటి చాలు.