నెలకు నాలుగు వేలు సరే, గంటకు ఎంత పడుతోంది?

చదువుకుంటూ నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రమే.

ప్ర: బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏడో తరగతి బాబుకి వాళ్లింటికెళ్లి ట్యూషన్ చెప్పమంటున్నారు. రోజుకి గంటన్నర, ఆదివారం సెలవు, నెలకు 4,000. ఇల్లు మా హాస్టల్‌కి ఐదు కిలోమీటర్లు. బండి ఉంది. ఒప్పుకోమంటారా? డెమో క్లాసులో ఏం చెప్పాలి?
– హైదరాబాద్

జ: ముందు లెక్క వేద్దాం. పాఠం గంటన్నర, ట్రాఫిక్‌లో రానూపోనూ నలభై నిమిషాలు. అంటే రోజుకి 2 గంటల 10 నిమిషాలు, 26 రోజులకి 56 గంటలు. నెలకు 260 కిలోమీటర్లు తిరుగుతారు కాబట్టి లీటరుకి 45 ఇచ్చే బండికైనా పెట్రోలు ఆరొందలు దాటుతుంది. మిగిలేది 3,400 లోపే. గంటకు అరవై రూపాయలు పడుతోందన్నమాట!

వద్దనడం లేదు, బేరం మార్చమంటున్నాం. వారానికి మూడు రోజులు, రెండేసి గంటలు వస్తానని అడగండి. ప్రయాణాలు సగానికి తగ్గుతాయి. ఫీజు 3,500కి దిగినా గంటకు తొంభై దాకా పడుతుంది. ఇంతకన్నా మంచి దారి హాస్టల్‌కి నడక దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు పిల్లల్ని ఒకేచోట కూర్చోబెట్టడం. ఒక్కొక్కరు 2,000 ఇస్తే 6,000. గంటన్నర పాఠం, ఇరవై నిమిషాల నడక కలిపి చూస్తే గంటకు 125 వస్తుంది, పెట్రోలు ఖర్చు ఉండదు. కాకపోతే ముగ్గురిదీ ఒకే తరగతి, ఒకే సిలబస్ అయివుండాలి. ఒకరు స్టేట్, ఒకరు సీబీఎస్‌ఈ అయితే ఆ గంటన్నర ఎవరికీ చాలదు.

డెమోలో కొత్త పాఠం ఎత్తుకోకండి. తల్లిదండ్రుల్ని మెప్పించాలని బీజగణితంతో మొదలుపెట్టి, పిల్లాడు బిక్కమొహం వేస్తే ఏం చేయాలో తెలీక చాలామంది తికమకపడతారు. కిందటి పరీక్ష పేపరు తెప్పించి, తప్పులు చూడండి. ఏడో తరగతిలో తరచూ కనిపించే తప్పు ఇది: 2/3 + 1/4 అంటే పిల్లాడు 3/7 అని రాస్తాడు. లవాలు కలిపాడు, హారాలు కలిపాడు. వెంటనే కసాగు సూత్రం చెప్పకండి, అది బళ్లో చెప్పే ఉంటారు. ‘3/7 సగం కన్నా ఎక్కువా తక్కువా? మరి 2/3?’ అని అడగండి. కలిపితే పెరగాల్సింది తగ్గిందేంటని వాడే తల గోక్కుంటాడు. అప్పుడు నోట్‌బుక్కులో మూడు అడ్డు వరసలు, నాలుగు నిలువు వరసలతో పన్నెండు గళ్లు గీయించండి. 2/3 అంటే రెండు అడ్డు వరసలు, ఎనిమిది గళ్లు. 1/4 అంటే ఒక నిలువు వరస, మూడు గళ్లు. మొత్తం 11/12. పక్కన కూర్చున్న తల్లికి కూడా మీరేం చేస్తున్నారో అర్థమవుతుంది. –7 + 3ని –10 అని రాసే పిల్లలకి ఇలాగే సంఖ్యారేఖ గీయించండి.

డబ్బు సంగతి మొదటిరోజే తేల్చుకోండి. ఫీజు నెల మొదట్లో, ఐదో తేదీలోపు. నెల అంటే క్యాలెండరు కాదు, ఇన్ని క్లాసులని లెక్క. లేకపోతే వాళ్లు పెళ్లికెళ్లిన వారం రోజులకీ కోత పడుతుంది. ఒక చిన్న పుస్తకంలో తేదీ వేసి, క్లాసు అయ్యాక ఇంట్లోవాళ్ల చేత పొట్టి సంతకం పెట్టించండి. గొడవలన్నీ ‘పోయిన నెల ఎన్నిసార్లు వచ్చావు’ అన్నచోటే మొదలవుతాయి. మీ మిడ్స్, సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే చెప్పి, ఆ క్లాసులు ఎప్పుడు పూడుస్తారో కూడా చెప్పండి. బాబు పరీక్షలూ మీ పరీక్షలూ ఒకే వారంలో పడితే మాత్రం కష్టమే. పిల్లాడికి చెప్పేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు ఉండాలని కూడా ముందే అనుకోండి.

ట్యూషన్ బ్యూరోల ద్వారా వెళితే మొదటి నెల ఫీజులో సగం దాకా పట్టుకుంటారు. అది వాళ్ల కమీషన్. పని ఇప్పించకముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి.

ప్ర: ఇంట్లో కూర్చుని టైపింగ్ పని అని ప్రకటన చూసి ఆన్‌లైన్‌లో ఒప్పందం మీద సంతకం చేశాను. ఆధార్ కాపీ కూడా పంపాను. వారంలో 500 పేజీలు పంపితే తప్పులెక్కువ ఉన్నాయన్నారు. ఇప్పుడు ఒప్పందం ఉల్లంఘించావు, 6,500 కట్టకపోతే కోర్టు కేసని వాట్సాప్‌లో లీగల్ నోటీసు పంపారు. ఇంట్లో చెప్పలేదు.
– ఖమ్మం

జ: కట్టకండి. ఇంట్లో ఈరోజే చెప్పండి. ఈ మోసంలో వాళ్లకి టైపింగ్‌తో పనే లేదు, మీ భయమే వాళ్ల రాబడి. మసకగా ఉన్న స్కాన్లు ఇచ్చి, 98 శాతం తప్పుల్లేకుండా ఉండాలని షరతు పెట్టేది మీరు తప్పాలనే. తప్పులు లెక్కపెట్టేదీ వాళ్లే. లాయరు నోటీసంటే కోర్టు ఉత్తర్వు కాదు, అది ఎవరైనా పంపగలిగే ఉత్తరం. ఒప్పందం నిజమైనదే అనుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న జరిమానా మొత్తం వసూలవదు. కోర్టు సమంజసమని తేల్చిన పరిహారమే దక్కుతుంది, అదీ ఆ అంకె దాటకుండా.

ముందు చాటింగులు, ప్రకటన, ఫోన్ నంబర్లు, నోటీసు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఆ తర్వాతే నంబరు బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేసి చాట్ చెరిపేస్తే ఫిర్యాదుకి ఆధారం ఉండదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోగానీ 1930కి ఫోన్ చేసిగానీ ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పటికే డబ్బు పంపివుంటే ఆ ఫోన్ తొలి గంటలోనే చేయాలి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. ఆధార్ బయోమెట్రిక్‌ని ఆధార్ యాప్‌లో లాక్ చేసుకోండి.

ప్ర: నా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు వాడుకోనిస్తే నెలకు 5,000 ఇస్తానని సీనియర్ అంటున్నాడు. ఆన్‌లైన్ గేమింగ్ డబ్బులట. ఫర్వాలేదా?
– విశాఖపట్నం

జ: వద్దే వద్దు. పై ఉత్తరంలాంటి మోసాల్లో పోయిన డబ్బు మొదట చేరేది ఇలాంటి ఖాతాల్లోకే. ఫిర్యాదు వచ్చినప్పుడు పోలీసులు వచ్చేది ఖాతాదారు ఇంటికి, సీనియర్ ఇంటికి కాదు. ఇప్పటికే కార్డు ఇచ్చివుంటే బ్యాంకుకి వెళ్లి కార్డు ఆపించి, ఆ సంగతి రాతపూర్వకంగా ఇచ్చి రండి.

ప్ర: వీడియో ఎడిటింగ్ చేస్తుంటాను. ఒక సంస్థ ఏడాదిలో 80,000 ఇచ్చి, అందులో 8,000 టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంది. నాకు వేరే ఆదాయం లేదు. అది పోయినట్టేనా?
– విజయవాడ

జ: పోలేదు, రిటర్ను వేసి అడగాలంతే. 2025 ఏప్రిల్ నుంచి ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే వృత్తి ఫీజు 50,000 దాటితే పది శాతం కోస్తారు. పాన్ ఇవ్వకపోతే ఇరవై. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి మొత్తం 8,000 తిరిగి రావాలి. ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక (ఫారం 26ఏఎస్) తెరిచి ఆ 8,000 కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే వాళ్లు కోశారేగానీ మీ పాన్ మీద చూపించలేదన్నమాట, వాళ్ల అకౌంట్స్ విభాగాన్ని పట్టుకోండి. జీతమని చూపించి ఐటీఆర్-1 వేయకండి, మీది జీతం కాదు. రిటర్ను వేశాక అది మీదేనని 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి (ఈ-వెరిఫై). చాలామంది రిఫండ్ ఆగేది ఇక్కడే. బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వ్యాలిడేట్ అయివుండాలి.

ప్ర: మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నాడు. పెట్రోలు బంకులో పని ఉంది, చేతికి డబ్బు ఇస్తారంటున్నాడు. అందరూ చేస్తున్నారట.
– కరీంనగర్

జ: అందరూ చేస్తున్నా అది వీసాకి విరుద్ధమే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నవారు క్యాంపస్‌లోనే, తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. రెండు చోట్ల చేసినా కలిపి 20. సెలవుల్లో పూర్తికాలం చేయొచ్చు. చేతికి డబ్బు తీసుకున్నా పని పనే. స్టేటస్ పోతే చదువు ఆగుతుంది, తర్వాత హెచ్-1బీ దగ్గరా గ్రీన్‌కార్డు దగ్గరా అదే ప్రశ్న ఎదురవుతుంది. ఫుడ్ డెలివరీకీ ఇదే వర్తిస్తుంది.

క్యాంపస్‌లో డైనింగ్ హాలు, లైబ్రరీ, ఐటీ హెల్ప్‌డెస్క్, పేపర్లు దిద్దే గ్రేడర్ పనులుంటాయి. సెమిస్టర్ మొదలయ్యాక అడిగితే ఆలస్యం. మొదలవడానికి రెండు మూడు వారాల ముందే దరఖాస్తు పెట్టాలి. పని దొరికాక ఆ విభాగం ఇచ్చే లేఖ, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే లేఖ తీసుకెళ్లి సోషల్ సెక్యూరిటీ నంబరుకి దరఖాస్తు చేయాలి.

మొదటి జీతం చీటీ చూసుకోమనండి. గంటకు 12 డాలర్లు, వారానికి 20 గంటలైతే నాలుగు వారాలకి 960. అందులో సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వైద్య బీమా) కింద 7.65 శాతం, అంటే 73 డాలర్లు కోసివుంటే అది తప్పు. ఎఫ్-1 విద్యార్థులకి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలూ ఆ కోత ఉండదు. పేరోల్ వాళ్లని అడిగితే సరిచేస్తారు. భారతీయ విద్యార్థులకి రెండు దేశాల పన్ను ఒప్పందం ఆర్టికల్ 21 కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు) కూడా ఉంది, చాలా దేశాల విద్యార్థులకి అది లేదు. అది అక్కడి పన్ను రిటర్ను అయిన 1040-ఎన్‌ఆర్ ఫారంలో అడగాలి. ఆదాయం అసలు లేని ఏడాది కూడా ఫారం 8843 పంపాలి.