సముద్రం దగ్గరికే తీసుకెళ్లాడు

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మా ఆయన ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తారు. మంచివారే కానీ క్రికెట్ పిచ్చి. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలలపాటు రాత్రి ఏడున్నర తర్వాత మా ఇంట్లో వేరే మాట ఉండదు. పెళ్లయిన ఏడాదికి, 2024 మేలో, ‘నువ్వు సముద్రం చూడలేదు కదా, చెన్నై పోదాం’ అన్నారు. నిజమే, నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే పాకాల, లక్నవరం. ఎంతో సంబరపడ్డాను. 24న రాత్రి వరంగల్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆయన ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ, హైదరాబాద్ ఫైనల్‌కి వెళ్లిందని పై బెర్తు మీద అరిచారు. మరునాడు మైలాపూర్ గుడి, టి.నగర్‌లో చీరల షాపులు చూశాం. బీచ్‌కి ఎప్పుడని అడిగితే ‘రేపు సాయంత్రం సముద్రం దగ్గరికే తీసుకెళ్తా’ అన్నారు. ఆదివారం మధ్యాహ్నం లాడ్జిలో బ్యాగు తెరిచి రెండు నారింజ రంగు జెర్సీలు తీశారు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఫైనల్ టికెట్లు నాలుగు రోజుల ముందే కొన్నారట. మ్యాచ్‌లో హైదరాబాద్ ఓడిపోయింది. బయటికొచ్చాక, మెరీనా నడిచిపోయేంత దూరమేనని పూలమ్మే ఆవిడ తెలుగులోనే చెప్పింది. ఒక్కసారి చూసి పోదాం అంటే ‘ఇప్పుడా?’ అని ఆటో పిలిచారు. సోమవారమంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం రైలెక్కి వచ్చేశాం. ఇప్పటికీ నేను సముద్రం చూడలేదు. ఇప్పుడు సంక్రాంతి సెలవులకు ముంబై పోదాం అంటున్నారు. రానన్నాను. ‘ఒక్క మ్యాచ్‌కి ఇంత సాగదీస్తావా’ అంటున్నారు. మా అత్తమ్మ ‘తాగడు, పేకాట ఆడడు, క్రికెటే కద బిడ్డా’ అంటుంది. నేనే ఎక్కువ చేస్తున్నానా?

– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: ఎక్కువ చేయడం లేదమ్మా. మీరు అడిగింది అదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నా. కానీ కోపాన్ని క్రికెట్ మీద పెట్టుకుంటే మాత్రం ఈ గొడవ తెగదు. ఆయన ‘ఒక్క మ్యాచ్ కదా’ అంటూనే ఉంటారు, మీరు ‘ఎప్పుడూ మ్యాచేనా’ అంటూనే ఉంటారు.

‘రేపు సాయంత్రం సముద్రం దగ్గరికే తీసుకెళ్తా.’ ఈ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివాను. అబద్ధమా అంటే కాదు. ఆ మ్యాచ్ జరిగిన చెపాక్ స్టేడియం నుంచి మెరీనా బీచ్ పది పదిహేను నిమిషాల నడక. స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు సముద్రపు గాలి కూడా తగులుతుంది. ఒక్క అక్షరం తప్పు లేకుండా మిమ్మల్ని మోసం చేశారన్నమాట! ఫైనల్ చెన్నైలోనే అని ఆ ఏడాది మార్చి చివర్లోనే చెప్పేశారు. రైలు టికెట్లు తీసేనాటికే ఆయన మనసులో ఆ తేదీ ఉండే ఉంటుంది. మీకు మాత్రం ఆదివారం మధ్యాహ్నం బ్యాగు తెరిచాక తెలిసింది. మీకు గుచ్చుకున్నది అదీ.

ఎందుకు దాచారు? మీరు వద్దంటారని. ప్రశ్న ఆయనే వేసుకుని, మీ తరఫున జవాబు కూడా ఆయనే చెప్పేసుకున్నారు. అడిగి ఉంటే మీరు ‘సరే, పొద్దున సముద్రం, రాత్రి మ్యాచ్’ అనేవారేమో. అలా అనే అవకాశం మీకు ఇవ్వలేదు.

అయితే ఆ రెండో జెర్సీని మర్చిపోవద్దు. మిమ్మల్ని లాడ్జిలో వదిలేసి స్నేహితులతో వెళ్లాలనుకున్న మనిషి మీకు జెర్సీ కొనడు. ఆయనకు ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని మీకు చూపించబోయారు. పద్ధతి తప్పు, ఉద్దేశం తప్పు కాదు. రెంటినీ వేర్వేరుగా చూడగలిగితే ఆయనతో మాట్లాడటం కాస్త తేలికవుతుంది.

ఇక ఆ ఓటమి. క్రికెట్ చూడనివాళ్లకు అర్థం కాదు కాబట్టి చెబుతున్నా, అది మామూలు ఓటమి కాదు. మొదటి ఓవర్లోనే కోల్‌కతా బౌలర్ స్టార్క్ మీ ఆయన జట్టులోని అభిషేక్ శర్మ వికెట్ ఎగరగొట్టాడు. ట్రావిస్ హెడ్ సున్నాకి వెళ్లిపోయాడు. హైదరాబాద్ 113కి ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్లో అంత తక్కువ స్కోరు ఎవరూ చేయలేదు. కోల్‌కతా దాన్ని పదిన్నర ఓవర్లలో కొట్టేసింది. రైల్లో ఎగిరి అరిచిన మనిషి రెండు రోజులకే ఆ స్టాండ్‌లో కూర్చుని దాన్ని చూశాడు. ఆయన బాధ నటన కాదు.

నాకెలా తెలుసంటే, 2003 మార్చి 23, ఆదివారం. ప్రపంచకప్ ఫైనల్ అని మా ఇంట్లో పొద్దున్నే నాటుకోడి తెచ్చారు. మసాలా నేనే నూరాను. ఆస్ట్రేలియా 359 కొట్టింది, పాంటింగ్ ఒక్కడే 140. సచిన్ మొదటి ఓవర్లోనే వెళ్లిపోయాడు. రాత్రి కూర గిన్నె మూత తీసినవాళ్లు లేరు. పాంటింగ్ బ్యాట్‌లో స్ప్రింగ్ పెట్టుకున్నాడని వారం రోజులు మా వీధంతా చెప్పుకున్నారు. నేను మాత్రం వంటింట్లో పీట వేసుకుని తిన్నాను. కూర బాగా కుదిరింది.

కాబట్టి బాధపడనివ్వండి. కానీ ఆదివారం రాత్రి వరకే ఆ బాధ ఆయనది. సోమవారం పగలు ఆయన ఒక్కరిదే కాదు, మీకు ఇస్తానన్న సముద్రం అందులో ఉంది. మ్యాచ్ చూసినందుకు ఆయన క్షమాపణ చెప్పక్కర్లేదు. సోమవారానికి మాత్రం చెప్పాలి.

ఇప్పుడు మీ వైపు ఒక మాట. మీ ఉత్తరమంతా వెతికాను, ‘ఇంకా సముద్రం చూడలేదు’ అని నాకు రాశారే కానీ, ఆయనతో ఎప్పుడైనా అన్నట్టు ఎక్కడా లేదు. నా అనుమానం ఏమిటంటే, ఆయన లెక్కలో మీరు చెన్నై వెళ్లొచ్చారు, అంటే సముద్రం చూసినట్టే. ‘ఒక్క మ్యాచ్‌కి ఇంత సాగదీస్తావా’ అంటున్నారంటే అసలు సంగతి ఆయన చెవిన పడనే లేదు. మీరు ఆటోలో మౌనంగా కూర్చున్నారు, రైల్లో మౌనంగా కూర్చున్నారు, ఇన్నాళ్లూ మౌనంగానే ఉన్నారు. ఆయనేమో ఓడిన జట్టు గురించే అలిగారని అనుకుంటున్నారు.

ఆ ఒక్క మాటే చెప్పండి. మ్యాచ్ సంగతి, జెర్సీ సంగతి, అత్తమ్మ సంగతి ఏవీ ఎత్తకుండా, ‘నేనింకా సముద్రం చూడలేదు’ అనండి. తర్వాత ఆగండి. వెంటనే ఏదో ఒకటి అంటారు, ‘అదేంటి, చెన్నై వెళ్లాం కదా’ అని. అననివ్వండి. రాత్రి ఏడున్నరకు మాత్రం మొదలుపెట్టకండి, భద్రకాళి చెరువు గట్టు మీద సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు చెప్పండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే మగవాళ్లు కాస్త త్వరగా నోరు విప్పుతారు, ఇది నేను చాలామందిలో చూశాను.

అత్తమ్మకు జవాబు చెప్పాల్సిన పని లేదు. ‘అవునత్తమ్మా’ అంటే సరిపోతుంది, ఆమె చెప్పిందీ నిజమే కాబట్టి. అయితే ఆమె నోట వచ్చిన పేకాట మాట ఒకటి నన్ను ఆపింది. మ్యాచ్‌ల మీద యాప్‌లలో డబ్బులు పెడుతున్నారా అని మీ ఆయన్ని ఒక్కసారి సూటిగా అడగండి. మీ ఉత్తరంలో అలాంటి ఛాయలేమీ లేవు, అయినా అడగమంటున్నా. రోజంతా మంచం దిగకపోవడం వెనక అభిమానం ఉండొచ్చు, పోయిన డబ్బూ ఉండొచ్చు, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈఎంఐ తప్పడం, స్నేహితుల దగ్గర చేబదుళ్లు, ఫోన్ బోర్లా పెట్టడం ఉంటే గమనించండి. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ ఆపేస్తూ చట్టం తెచ్చింది, అయినా దొంగదారులున్నాయి. అలాంటిదేమైనా బయటపడితే ముంబై సంగతి పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. లేదంటే ఈ పేరా మర్చిపోండి.

రోజువారీ గొడవ గురించి పెద్దగా చెప్పను, దానికి చిన్న లెక్క చాలు. ఆ సీజన్ షెడ్యూల్లో మొత్తం 74 మ్యాచ్‌లు. అందులో మీ ఆయన జట్టుకు లీగ్‌లో ఉండేవి 14. ఆ 14 సాయంత్రాలు ఆయనకు రాసిచ్చేయండి, ఏ పనీ చెప్పకండి, పకోడీలు వేస్తే ఇంకా మంచిది. పంజాబ్‌కీ లక్నోకీ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం టీవీ మీది. ఎవరు గెలిచినా మీ ఇంట్లో ఎవరికీ జ్వరం రాదు.

ఇక ముంబై. వెళ్లండి. మన దగ్గర చాలామంది మగవాళ్లకు ‘సారీ’ అనడం చేతకాదు, టికెట్లు బుక్ చేస్తారు. ఇది ఆయన సారీయే అయ్యుండొచ్చు. అయితే ముంబై అనగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే వాంఖడే స్టేడియం కూడా సముద్రం పక్కనే! మెరైన్ డ్రైవ్‌కి నాలుగడుగుల దూరం. ఈసారి కూడా ‘సముద్రం దగ్గరికే’ అంటే ముందు మ్యాచ్‌ల షెడ్యూల్ చూపించమనండి, సిగ్గుపడకండి. ఆ రోజుల్లో అక్కడ మ్యాచ్ ఉన్నా, ముందే చెప్పి అడిగితే మీరు ఒప్పుకోవచ్చు.

మెరైన్ డ్రైవ్‌లో మీ కాళ్లు తడవవు. అక్కడ పొడవాటి గట్టు, దాని కింద సిమెంటు దిమ్మెలే ఉంటాయి. నీళ్లలోకి దిగాలంటే ఆ రోడ్డు చివరన ఉన్న గిర్గావ్ చౌపాటీకి వెళ్లాలి, అక్కడ ఇసుక ఉంటుంది. సాయంత్రం వెళ్లండి. చెన్నైలో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, ముంబైలో సముద్రంలోకి దిగుతాడు. సంక్రాంతి రోజుల్లో ఆరుంబావు, ఆరున్నర మధ్య. రాత్రి మ్యాచ్ ఉన్నా అంతకుముందే అయిపోతుంది, కాబట్టి ఆ సాకు కూడా పనికిరాదు.

ఇంకో రోజు గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి పడవలో ఎలిఫెంటాకి వెళ్లండి. ఇంచుమించు గంట ప్రయాణం, చుట్టూ సముద్రమే. రామప్ప, వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగినవాళ్లకు ఆ గుహలోని మూడు ముఖాల శివుడు తప్పక నచ్చుతాడు. సోమవారం మాత్రం మూసి ఉంటుంది. మీకు సోమవారాలు అసలే అచ్చిరాలేదు.

ఆయనకీ ఒక పూట ఇవ్వండి. వాంఖడే అంటే 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్స్ కొట్టి ప్రపంచకప్ గెలిపించిన చోటు. బయటినుంచి గోడ చూసినా ఆయన కళ్లు తడుస్తాయేమో. ఆ పూట మీరు వెంట వెళ్లినా సరే, దగ్గర్లో టీ తాగుతూ కూర్చున్నా సరే.

ఒక హెచ్చరిక. మన వైపు చాలా ఇళ్లకు భీవండిలోనో ముంబైలోనో చుట్టాలుంటారు, మగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డవాళ్లు. వాళ్లింట్లో దిగారో, నాలుగు రోజులూ పలకరింపులకే సరిపోతాయి. చివరి రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లండి, చీర పెడతామంటే తీసుకోండి, వచ్చేయండి.

వరంగల్ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఎక్కడా మారే పని లేకుండా ముంబైలోని పెద్ద స్టేషన్ సీఎస్‌ఎంటీ దాకా తీసుకెళ్తుంది. దిగగానే వెంటనే బయటికి పరుగెత్తకుండా ఆ స్టేషన్ భవనం కూడా కాసేపు తలెత్తి చూడండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది, సంక్రాంతి సీట్లు తొందరగా అయిపోతాయి. తేదీలు మీరు పెట్టండి. బుకింగ్ మీ ఫోన్‌లో మీరే చేయండి, డబ్బులు ఆయన కార్డు నుంచి కట్టించండి.