టెక్ సందేహాలు: పద్నాలుగో రైతు ఊరు ఎందుకు తెగింది?

అనంతపురం నుంచి ఒక చీనీకాయల మండీలో లెక్కలు చూసే పాఠకుడు రాశారు: "సార్, మా ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడుస్తుంది. ఒక లారీకి ఎంతమంది రైతులు కాయలు వేస్తే అన్ని వరుసలు వస్తాయి. మా యజమానికి మాత్రం లారీకి ఒకే వరుస కావాలి, పక్కన రైతుల పేర్లు, ఊళ్లు కామాలతో రావాలి. చాలా వరుసల్ని ఒక్కటిగా కలిపే గ్రూప్_కాన్‌కాట్ ఫంక్షన్ వాడితే వచ్చింది. కానీ పెద్ద లారీలకు పదమూడు మంది వచ్చి, పద్నాలుగో రైతు దగ్గర 'బుక్కరాయసముద్' అని ఆగిపోతోంది. మిగతా ఐదుగురు లేరు. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో మాత్రం అందరూ వస్తున్నారు. వైరస్సా?"

వైరస్ కాదు. మీరు ఎంచుకున్న పద్ధతి సరైనదే. వరుసల్ని లారీ నంబరు మీద గ్రూప్ బై చేసి, పేర్లను గ్రూప్_కాన్‌కాట్‌లో పెడితే చాలు, లూపులు తిప్పే పని లేదు. అయితే ఆ ఫంక్షన్‌కు మైఎస్‌క్యూఎల్ ఒక హద్దు పెట్టింది. మీరేమీ చెప్పకపోతే ఒక్కో గుంపుకు 1024 బైట్లు మాత్రమే ఇస్తుంది. అది దాటితే మిగతాది కోసేస్తుంది. ఎర్రర్ ఇవ్వదు. లోపల ఒక వార్నింగ్ రాసుకుంటుంది గానీ ప్రింటు తీసే గుమస్తాకు అది ఎలా కనబడుతుంది? క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నడిపిన వెంటనే షో వార్నింగ్స్ అని కొట్టి చూడండి, 1260 నంబరుతో ఫలానా వరుస తెగిందని ఉంటుంది.

1024 అంటే వెయ్యి అక్షరాలు కదా, పద్నాలుగు పేర్లకే ఎలా నిండిందని మీకు అనిపించొచ్చు. ఇంగ్లిష్‌లో రాసి ఉంటే నిండేది కాదు. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. పైగా మనం ఒక్క అక్షరం అనుకునేది కంప్యూటర్‌కు రెండు మూడు గుర్తులు. గార్లదిన్నెనే తీసుకోండి: గ, దీర్ఘం, ర, పొల్లు, ల, ద, గుడి, న, పొల్లు, మళ్లీ న, ఎత్వం. పదకొండు గుర్తులు, 33 బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే అదే ఊరు 10 బైట్లు. బుక్కరాయసముద్రం ఏకంగా 45. పేరూ ఊరూ కలిపి సగటున 24 గుర్తులు వేసుకుంటే 72 బైట్లు, కామా, ఖాళీ కలిపి 74. పదమూడు మందికి 962. పద్నాలుగో రైతుకు మిగిలింది 62 బైట్లే, అది కాస్తా 'ద' కింద పొల్లు దగ్గర అయిపోయింది. ఆ పొల్లు చూసి మీకు అనుమానం వచ్చింది గానీ, తెగింది సరిగ్గా ఊరి చివరైతే ఎవరూ పట్టేవాళ్లు కాదు. ఐదుగురు రైతులు చిట్టాలోంచి మాయమైనట్టే.

మందు చిన్నదే. డేటాబేస్‌కు కనెక్ట్ అయిన వెంటనే, క్వెరీకి ముందు ఈ ఒక్క లైను నడపండి. చదవడానికని తెలుగు లిపిలో రాస్తున్నా, మీరు కొట్టాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే:

సెట్ సెషన్ గ్రూప్_కాన్‌కాట్_మ్యాక్స్_లెన్ = 1000000;

సెషన్ అన్నాం కాబట్టి ఆ కనెక్షన్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఒకసారి చేసి వదిలేసి, రేపు మళ్లీ తెగిందని నన్ను తిట్టుకోవద్దు. ప్రోగ్రాంలో కనెక్షన్ తెరిచే చోటే దాన్ని రాసి పెట్టండి.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. మీరు అందులో ఎక్సాంప్ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి ఇచ్చే ఉచిత ప్యాకేజీ) వేసుకుని ఉంటారు. ఎక్సాంప్‌లో మైఎస్‌క్యూఎల్ అని బటన్ మీద రాసి ఉన్నా లోపల ఉండేది మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మరియాడీబీ. మరియాడీబీ వాళ్లు 10.2.4 నుంచి ఈ హద్దును 1024 నుంచి పది లక్షల బైట్ల పైకి పెంచేశారు. అందుకే ఇంట్లో అందరూ వస్తారు, మండీ సర్వర్‌లో రారు. పదేళ్ల కిందట ఒక ఆఫీసుకు నేను రాసిచ్చిన రిపోర్టులోనూ ఇలాగే పేర్లు తెగాయి. రెండు నెలలు ఎవరూ చూడలేదు, చూసినవాళ్లు మాత్రం నన్నే చూశారు.

మీరు పంపిన క్వెరీలో ఇంకొకటి గమనించాను. పేర్లు రెండుసార్లు వస్తున్నాయని, ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే చూపే డిస్టింక్ట్ పెట్టారు. అది తీసేయండి. మన ఊళ్లలో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండని చోటు ఏది? నార్పలలో ఇద్దరు నారప్పలు ఒకే లారీకి కాయలు వేస్తే డిస్టింక్ట్ వాళ్లను ఒక్కడిని చేస్తుంది. అసలు పేర్లు రెండుసార్లు రావడానికి కారణం, రైతుల పట్టికకు చెల్లింపుల పట్టికను కూడా జోడించడం. రెండు విడతలుగా డబ్బు తీసుకున్న రైతు రెండు వరుసలు అవుతాడు. చెల్లింపుల్ని ముందు సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీలో) రైతుకు ఒక వరుసగా కూడి, ఆ తర్వాత జోడించండి. పేర్లు వాటంతటవే సర్దుకుంటాయి.

పేరుకూ ఊరికీ మధ్య కూడా కామా పెడుతున్నారు. పేరు ఎక్కడ ముగిసింది, ఊరు ఎక్కడ మొదలైందో రేపు ఎవరు విడదీస్తారు? లోపల అడ్డగీత పెట్టి, రైతుకూ రైతుకూ మధ్య కామా ఉంచండి: గ్రూప్_కాన్‌కాట్(కాన్‌కాట్_డబ్ల్యూఎస్(' - ', పేరు, ఊరు) ఆర్డర్ బై ఊరు, పేరు సెపరేటర్ ', '). ఉత్త కాన్‌కాట్ కాకుండా కాన్‌కాట్_డబ్ల్యూఎస్ ఎందుకంటే, ఊరు నింపని రైతు ఉంటే ఉత్త కాన్‌కాట్ మొత్తాన్నీ నల్ (విలువే లేనిది) చేస్తుంది, నల్ అయినవాణ్ని గ్రూప్_కాన్‌కాట్ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. డబ్ల్యూఎస్ ఉంటే ఊరు లేకపోయినా పేరు నిలుస్తుంది.

వేరే డేటాబేస్ వాడేవాళ్లకు: పోస్ట్‌గ్రెస్‌లో 9.0 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2017 నుంచి ఇదే పనికి స్ట్రింగ్_ఆగ్ ఉంది. ఒరాకిల్‌లో లిస్ట్‌ఆగ్. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 లాంటి పాతదైతే ఫర్ ఎక్స్ఎంఎల్ పాత్ అనే దొడ్డిదారే గతి. అందులో పేరులోని & గుర్తు &ఏఎంపీ; అయి కూర్చుంటుంది, దాన్ని వదిలించడానికి టైప్, వాల్యూ అని ఇంకో తోక తగిలించాలి.

కర్నూలు నుంచి డిప్లొమా విద్యార్థి అడిగాడు: "ప్రాజెక్టులో విద్యార్థి తీసుకున్న సబ్జెక్టుల నంబర్లన్నీ ఒకే కాలమ్‌లో '1,11,21' అని దాచేయొచ్చా? టేబుల్ తగ్గుతుంది కదా."

వద్దు నాయనా. ఒకటో సబ్జెక్టు తీసుకున్నవాళ్లెవరని లైక్‌తో (ముక్క కలిసినా పట్టేసే వెతుకులాటతో) వెతికితే 11, 21 తీసుకున్నవాళ్లూ వచ్చి పడతారు. కామాల జాబితాలో వెతికే ఫైండ్_ఇన్_సెట్ వాడితే జవాబు సరిగ్గానే వస్తుంది గానీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) పనికిరాదు, ప్రతి వరుసా తిరగేయాలి. గడికి ఒకే విలువ ఉండాలన్న మాట 1970లో, రిలేషనల్ డేటాబేస్‌లకు పునాది వేసిన ఎడ్గర్ కాడ్ రాసిన వ్యాసం నాటి నుంచీ ఉన్నదే. విద్యార్థి, సబ్జెక్టు అని రెండు కాలమ్‌లతో ఇంకో టేబుల్ పెట్టు. కామాలు ప్రింటు తీసేటప్పుడు, పై అనంతపురం ఆయన లాగా కలుపుకో. వైవాలో మొదటి ప్రశ్న ఇదే అడుగుతారు, చూస్తుండు.

కడప నుంచి ఒక టీచరమ్మ: "డేటాబేస్ కాదండీ, ఎక్సెల్ 2016. బడికి రాని పిల్లల రోల్ నంబర్లు కామాలతో ఒక్క గడిలో వస్తే వాట్సాప్‌లో పెట్టుకుంటాను."

ఎ కాలమ్‌లో నంబర్లు, బిలో హాజరు (రానివాళ్లకు ఎ) ఉంటే, ఇది కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి: =టెక్స్ట్‌జాయిన్(", ", ట్రూ, ఇఫ్(బి2:బి60="ఎ", ఎ2:ఎ60, "")). మధ్యలో ట్రూ అన్నది ఖాళీలను వదిలేయమని. ఇది ఎక్సెల్ 2019 నుంచి ఉంది. 2019లో అయితే ఎంటర్ ఒక్కటే కాదు, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కాలి. మీ బళ్లో ఉన్నది 2016 అంటున్నారు కాబట్టి అందులో ఈ ఫంక్షన్ దొరకదు. ఫైలును గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించండి, అక్కడ ఉచితంగానే ఉంది. ఫార్ములాను అర్రేఫార్ములా బ్రాకెట్లో పెట్టడం మరవకండి.